చీపురు మాకిచ్చి వాళ్లను ఇంటికి పంపుతామంటే ఒప్పుకోవాలా?
(ఈ చర్చ 2025 వానాకాలంలో సాగింది.)

మూసీఒడ్డు_సునీత
ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఒక మున్సిపాలిటీ మాది. మాటలింకా నడుస్తున్నాయి కాబట్టి ఊరి పేరు రాయను. మేం పదకొండు మందిమి కలిసి తొమ్మిదేళ్లుగా ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ నడుపుతున్నాం. సాయంత్రం బస్తీలో పిల్లలకు చదువు చెప్తాం, ఆదివారం చెరువు కట్ట మీద ప్లాస్టిక్ ఏరుతాం. ఇంతే మా పని.

పోయిన వారం ఆఫీసుకు పిలిచారు. పైసల్లేవు, వచ్చే నెల నుంచి ఔట్‌సోర్సింగ్ సఫాయి కార్మికుల్లో 46 మందిని తగ్గిస్తున్నాం, నాలుగు వార్డులు మీరు దత్తత తీసుకోండి అన్నారు. చీపుర్లు, గ్లౌజులు, రెండు ట్రైసైకిళ్లు వాళ్లే ఇస్తారట. కాగితం మీద 'ప్రజా భాగస్వామ్యం' అని రాసి ఉంది. తొమ్మిదేళ్లకు మనల్ని గుర్తించారని మా వాళ్లలో సగం మంది సంబరపడ్డారు.

మర్నాడు సాయంత్రం ట్యూషన్ దగ్గరికి యూనియన్ వాళ్లు నలుగురొచ్చారు. గొంతు పెంచలేదు. వాళ్లలో పెద్దాయన ఒక్క మాటన్నాడు: "మేడం, మీరు పుణ్యానికి ఊడుస్తరు, మేం బువ్వకు ఊడుస్తం. మీ పుణ్యం మా బువ్వ తీస్తది." ఆ టైములో నా ముందు చాప మీద కూర్చుని ఎక్కాలు రాస్తున్న పిల్లల్లో ఏడుగురు ఆ కార్మికుల పిల్లలే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వద్దంటే ఆ నాలుగు వార్డుల్లో చెత్త ఎవరు తీస్తారు? ఒప్పుకుంటే ఆ పిల్లల మొహం ఎట్లా చూడాలి? ఎవరికైనా ఇట్లాంటిది ఎదురైందా?

క్లాక్‌టవర్_నల్లగొండ
ముట్టుకోవద్దు. ఒక్కసారి చీపురు పట్టుకున్నరంటే మళ్లీ దించనియ్యరు.

పిల్లలమర్రి_నీడ
నేను ఒప్పుకోను. ఇది వానాకాలం. పది రోజులు చెత్త ఎత్తకపోతే ముందు జ్వరాలు వచ్చేది బస్తీల్లోనే, అంటే ఆ కార్మికుల ఇళ్లల్లోనే. పట్టణాలు శుభ్రం చేసే సర్కారు కార్యక్రమం పట్టణ ప్రగతి 2020 ఫిబ్రవరి 24న మా మహబూబ్‌నగర్‌లోనే మొదలైంది. ఆ పది రోజులూ మా గల్లీలో టీచర్లు, దుకాణాల వాళ్లు, ఆఫీసర్లు అందరం కలిసి ముళ్లపొదలు కొట్టాం, ఖాళీ ప్లాట్లు బాగు చేశాం. ఎవరి ఉద్యోగమూ పోలేదు. ఊరి కోసం శ్రమదానం చేయడం తప్పెట్లా అవుతుంది?

క్లాక్‌టవర్_నల్లగొండ
అన్నా, అప్పుడు కార్మికుల పక్కన నిలబడి చేసిన్రు. ఇప్పుడు వాళ్లను తీసేసి ఆ జాగల నిలబడమంటున్నరు. తేడా అక్కడే ఉంది.

చీపురుకట్ట_కొడుకు
మా అమ్మ 14 ఏండ్ల సంది సఫాయి పని చేస్తది. పొద్దుగాల నాలుగున్నరకు లేస్తది, అయిదింటికి హాజరు. ఇప్పుడు ఫోన్ల మొఖం చూపెట్టాలె. సిగ్నల్ రాకుంటే చీకట్ల ఫోను పైకి లేపి గల్లీ పొంటి తిరుగుతరు. ఆఫీసోళ్లు ఇచ్చే చీపురు పదిహేను రోజులకే ఈనెలు రాలుతయ్. అమ్మనే అంగట్ల ఈనెలు కొనుక్కొచ్చి, కట్టెకు బిగించి, చెయ్యి జారకుండ పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకుంటది. ఆ చీపురు మా ఇంట్ల తలుపెనుక ఉంటది. ఎవ్వర్ని ముట్టనియ్యది.

జీతం లెక్క చెప్త. జీవో 60, అంటే ఔట్‌సోర్సింగ్ జీతాల సర్కారు ఉత్తర్వు, దాని ప్రకారం నెలకు 15,600. దాంట్ల పీఎఫ్ 12 శాతం అంటే 1,872. ఈఎస్ఐ 0.75 శాతం అంటే 117. చేతికి 13,611 రావాలె. కోత నెలనెలా కోస్తనే ఉన్నరు గని పీఎఫ్ పాస్‌బుక్కుల లెక్క నిరుడు దసరా కాడనే ఆగింది. ఇప్పుడు జీతం రాక మూడు నెలలు. కిరాణం ఆయన ఖాతా బందు పెట్టిండు. నూటికి అయిదు మిత్తికి తెచ్చి నడుపుతున్నం.

పిల్లలమర్రి అన్నా, మీరు జ్వరాల గురించి అన్నరు కద. పోయిన శ్రావణంల మా అమ్మకే డెంగీ వచ్చింది. ఈఎస్ఐ దవాఖానకు పోతే కార్డు నడవది అన్నరు, ఏజెన్సీ పైసలు కట్టలేదట.

పిల్లలమర్రి_నీడ
తమ్ముడూ, పీఎఫ్ సంగతి నాకు తెలియదు. నా మాట నీకు నొప్పి కలిగిస్తే మన్నించు. కానీ చెత్త ప్రశ్న అట్లనే ఉంది.

నిక్కచ్చి_నర్సింహ
అందరూ యూనియన్‌ను నెత్తిన పెట్టుకుంటున్నరు. మా ఊళ్లె సమ్మె చేసినప్పుడు పన్నెండు రోజులు మోరీలు పొంగినయ్. మా నాయన డెబ్బై ఎనిమిదేండ్ల మనిషి, ఆ నీళ్లల్ల జారి తుంటి విరగ్గొట్టుకున్నడు. ఒక్క నాయకుడు వచ్చి ఇట్ల సమ్మె చేస్తున్నం, ఇందుకు చేస్తున్నం అని చెప్పలే. జీతం పెరిగినంక వాళ్లకు మా వార్డే గుర్తుకు రాలే. ప్రజలు కావాలంటే ప్రజల దగ్గరికి రావాలె.

ట్రాక్టర్_డ్రైవరన్న
నర్సింహన్నా, నేను యూనియన్ మనిషినే. మీది ఏ ఊరో తెల్వదు గని మీ నాయన పడ్డది ఆ సమ్మె రోజులల్లనే అయితే ఆ బాధల మాకు పాలుంది. కరపత్రం ఏసి ఇల్లిల్లు తిరగాలె అని నేను ప్రతి మీటింగుల చెప్త. మావోళ్లు "కలెక్టరేట్ ముందట టెంటు ఏస్తే చాలు" అంటరు. చాలదు. 2011ల సకల జనుల సమ్మె 42 రోజులు ఎట్ల నిలబడ్డది? ఉద్యోగులే చేస్తే నిలబడునా? ఊరూరు వంటలు వండి పెట్టింది. ఆ సంగతి మనమే మర్చిపోయినం.

నిక్కచ్చి_నర్సింహ
ఒప్పుకున్నవు, అది చాలు. మా నాయన ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నడు.

రిటైర్డ్_బిల్లుకలెక్టరు
31 ఏళ్లు మున్సిపాలిటీల్లో ఇంటి పన్ను వసూలు చేసి దిగినవాణ్ణి. సునీతమ్మా, పైసల్లేవు అనే మాట దగ్గర ఆగవద్దు. ఏ పైసలు లేవు, ఎందుకు లేవు అని అడుగు.

మున్సిపాలిటీకి సొంత ఆదాయం అంటే ముఖ్యంగా ఇంటి పన్ను, ఖాళీ జాగా పన్ను, నల్లా బిల్లు, ట్రేడ్ లైసెన్సు, ఇంటి పర్మిషన్ ఫీజులు. ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్ను మొత్తం కట్టినవాడికి 5 శాతం తగ్గింపు ఇస్తాం. కట్టనివాడికి నెలకు 2 శాతం మిత్తి పడుతుంది. తర్వాత ఒక పథకం వచ్చి ఆ మిత్తిలో 90 శాతం మాఫీ అంటుంది. నిజాయితీగా కట్టినవాడు 5 శాతం దగ్గర ఆగితే, ఎగ్గొట్టినవాడు హాయిగా బయటపడతాడు. నేను పనిచేసిన ప్రతి ఊళ్లోనూ బకాయిల పట్టీలో పైవరసలో ఉండేది ప్రభుత్వ ఆఫీసులే. రేకుల ఇంటి ముసలామె గడప దగ్గర నిలబడి వసూలు చేశాను గానీ, ఆ ఆఫీసుల మెట్లెక్కి నోటీసు ఇవ్వడానికి నాకే భయమేసేది.

ఇక ఢిల్లీ పైసలు. 15వ ఆర్థిక సంఘం మనలాంటి పట్టణాలకు ఇచ్చేదాంట్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికి ముడిపెట్టి ఇస్తుంది. మిగిలిన 40 శాతం జీతాలకూ ఆఫీసు ఖర్చులకూ వాడకూడదు. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం మొక్కలకు పక్కన పెట్టాలి. ఇవన్నీ మంచికే పెట్టారు. కానీ కోత వచ్చిన రోజు ఏ గీతా లేని జాగా ఒక్కటే మిగులుతుంది, అది ఔట్‌సోర్సింగ్ మనుషుల జీతం. కత్తెర అక్కడే పడుతుంది.

కాబట్టి మీ సంస్థ, యూనియన్ కలిసి బడ్జెట్ పుస్తకం అడగండి. ఆ 46 మందికి ఏడాదికి ఎంతవుతుందో, బకాయి ఉన్న మొదటి ఇరవై భవనాల పన్ను ఎంతో, రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి పట్టుకెళ్లండి.

కోయిల్‌సాగర్_కాలువ
పెద్దాయనా, లెక్క బాగుంది. మొక్కల 10 శాతం నుంచి కొంచెం జీతాలకు మళ్లిస్తే కాదా? నాలుగు మొక్కలు తగ్గితే ఏమైతది?

రిటైర్డ్_బిల్లుకలెక్టరు
ఆ మొక్కలకు నీళ్లు పోసేదీ, నర్సరీలో సంచులు నింపేదీ కూడా కూలీలే నాయనా. ఒకామె కంచంలోది తీసి ఇంకొకామె కంచంలో వెయ్యడం అవుతుంది.

డెట్రాయిట్_దేవరకొండ
మాది దేవరకొండ దగ్గర తండా పక్కన ఊరు. పన్నెండేళ్లుగా డెట్రాయిట్ పక్కనే ఉంటున్నా. నేను వచ్చిన కొత్తలో, 2013 జూలై 18న, ఈ నగరం దివాలా పిటిషన్ వేసింది. అప్పులు సుమారు 1,800 కోట్ల డాలర్లు. ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాళ్ల, మంటలార్పినవాళ్ల పెన్షన్ కోస్తామన్నారు. నా పక్క అపార్టుమెంటులో ఒక రిటైరైన ఉద్యోగి ఉండేది. పెన్షన్ కాగితాలు మేజా మీద పరుచుకుని, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ మళ్లీ పెట్టుకుంటూ కూర్చున్న రోజు నాకు ఇంకా కళ్లలో ఉంది.

అక్కడ జరిగింది ఇక్కడ పనికొస్తుందని చెప్తున్నా. నగరం చేతిలో ఒక పెద్ద చిత్రకళా మ్యూజియం ఉంది. అప్పులవాళ్లు ఆ బొమ్మలమ్మి కట్టమన్నారు. అప్పుడు ధర్మసంస్థలు ముందుకొచ్చి 36.6 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. మ్యూజియం 10 కోట్లు తెస్తానంది, రాష్ట్రం 19.5 కోట్లు వేసింది. షరతు ఒక్కటే: ఆ సొమ్ము పెన్షన్ల నిధిలోకే పోవాలి, బొమ్మలు అమ్మకూడదు. దివాలాను కోర్టులో ఎదిరించిన ఉద్యోగ సంఘాలు, పెన్షనర్లు చివరికి బేరానికి కూర్చున్నారు. పెన్షనర్లు ఓటు వేసి ఒప్పుకున్నారు. ఊరికే కాదు, మామూలు ఉద్యోగుల పెన్షన్‌లో 4.5 శాతం పోయింది, ధరలతో పాటు పెరిగే భత్యం పోయింది. 2014 డిసెంబర్‌లో నగరం దివాలాలోంచి బయటపడింది.

నేను దీన్ని పెద్ద విజయమనను. నా పొరుగామెకు నెలనెలా తగ్గింది తగ్గినట్టే ఉంది. కానీ ధర్మసంస్థ "మీ బస్సు మేం నడుపుతాం, మీరు ఇంటికి పోండి" అనలేదు. ఆ ఉద్యోగుల బువ్వ నిలబెట్టడానికే డబ్బు పెట్టింది. సునీతగారి సంస్థకు డబ్బు లేకపోవచ్చు, ఆ పద్ధతి మాత్రం పట్టుకోవచ్చు.

కోయిల్‌సాగర్_కాలువ
అక్కడ బొమ్మలమ్మితే కోట్లొస్తయ్. మా మున్సిపాలిటీల అమ్ముదామంటే పాత ట్యాంకర్ ఒక్కటే ఉన్నది, దానికీ టైర్లు లేవు.

పాలమూరు_పద్మక్క
టైర్లు లేని ట్యాంకర్ మా ఊళ్లె కూడ ఉంది, రెండు కలిపితే ఒకటి నడుస్తదేమో చూడు తమ్మీ.

సునీతా, నీ వయసులో నేను చేసిన తప్పు చెప్తా విను. ఊరి పేరు, శాఖ పేరు అడగొద్దు. నిలువ నీడ లేనివాళ్లు రాత్రి పడుకునే షెల్టర్ ఒకటి ఉండేది. అందులో వాచ్‌మన్, ఊడ్చే ఆమె, వంటమనిషి ముగ్గురూ మున్సిపాలిటీ తరఫున ఉండేవాళ్లు. ఖర్చు తగ్గించాలని ముగ్గుర్నీ తీసేసి మా సంస్థకు అప్పగించారు. మేం గర్వంగా తీసుకున్నాం. మొదటి ఏడాది పైసలు సరిగ్గా వచ్చాయి. రెండో ఏడాది ఆరు నెలలు ఆలస్యం. మూడో ఏడాది ఫైలు దొరకట్లేదన్నారు. మా పిల్లలిద్దరు నెలకు ఆరు వేలకు రాత్రింబగళ్లు అక్కడే ఉండి, చివరికి వాళ్ల ఊళ్లకు పోయారు. తాళం వేసిన రోజు నేను పాత వంటామె ఇంటికి పోయా. ఆమె నన్ను కూర్చోమంది, చాయ్ ఇచ్చింది, ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

మన సంస్థల్లో పనిచేసేవాళ్ల జీతం గురించి ఎవరూ మాట్లాడరు. కంపెనీల లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద వస్తుందంటారు, వాళ్లకు ఫోటో కావాలి, మనిషి జీతం వద్దు. విదేశీ విరాళం తెచ్చుకునేవాళ్లకు ఆ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో ఆఫీసు ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించారు. అంటే కోత రెండు దిక్కులా ఉంది. సఫాయి చెల్లె, ట్యూషన్ చెప్పే చెల్లె ఇద్దరూ ఒకే కత్తెర కింద ఉన్నారు. ఆ సంగతి యూనియన్‌కు చెప్పు. వాళ్లకు మనం అందరం పైసలున్న ఎన్జీఓలమే అని ఉంటుంది.

ట్రాక్టర్_డ్రైవరన్న
పద్మక్కా, నిజం. ఎన్జీఓ అంటే ఏసీ కారు అని మావోళ్ల లెక్క. నెలకు ఆరు వేలని ఇప్పుడే వింటున్న. మా చెత్త బండి హెల్పర్ కంటే తక్కువ.

వేదిక_నిర్వాహకురాలు
సఫాయి పనిని ఒక కులానికి అంటగట్టి రాసిన రెండు పోస్టులు తీసేశాను. మళ్లీ రాస్తే ఖాతా ఆగిపోతుంది. చర్చ సాగనివ్వండి.

కోర్టు_మెట్లు
రెండు విషయాలు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ప్రధాన యజమానే, అంటే ఇక్కడ మున్సిపాలిటీయే, కట్టి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలన్నది 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం నాటి సూత్రం. ఏజెన్సీని అడగండి, మాకు సంబంధం లేదు అనే జవాబు చెల్లదు.

రెండోది సునీతగారి వాలంటీర్ల గురించి. ఊడ్చడం ఒక ఎత్తు. వాన పడ్డ రోజు మోరీ మూసుకుంటే "కొంచెం దిగి తీయండి" అంటారు. మురుగు గుంటలో రక్షణ లేకుండా మనిషిని దించడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. మురుగు గుంటల్లో చనిపోయినవాళ్ల కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఆదివారం సేవకు వచ్చిన ఇంటర్ పిల్లవాడికి ఈఎస్ఐ లేదు, బీమా లేదు, ఆ గుంటలో గాలి ఎట్లా ఉంటుందో తెలియదు. సంతకం పెట్టేముందు ఆ పిల్లవాడి అమ్మను తలుచుకోండి.

మస్టర్ రోల్ (హాజరు పట్టీ), ఏజెన్సీ బిల్లులు, పీఎఫ్ చలాన్లు సమాచార హక్కు కింద అడగండి. పది రూపాయల దరఖాస్తు, 30 రోజుల గడువు.

క్లాక్‌టవర్_నల్లగొండ
సంస్థలు, ప్రజలు, ఉద్యోగులు కలవడం మన జిల్లాకు కొత్త కాదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో 480 మంది పోటీలో నిలిచారు. ఫ్లోరైడ్ నీళ్ల గోస దేశానికి చూపెట్టాలని దుశ్చర్ల సత్యనారాయణగారి జలసాధన సమితి పిలుపు ఇస్తే మామూలు మనుషులు నామినేషన్లు వేశారు. బ్యాలెట్ ఒక పుస్తకమంత అయ్యి ఎన్నిక వాయిదా పడింది. నేనప్పుడు డిగ్రీ. మా బాబాయి ప్రభుత్వోద్యోగి, తను వెయ్యలేడు కాబట్టి తమ్ముడితో వేయించి డిపాజిట్ 500 తన జేబులోంచి ఇచ్చాడు. ఆ ఎన్నికల తర్వాతనే డిపాజిట్ 10,000కు పెంచారు. వంకర కాళ్ల పిల్లల్ని చూసి పెరిగినవాళ్లం మేం, చిన్న సంస్థ ఏం చేయగలదు అని మా దగ్గర అనొద్దు.

నిక్కచ్చి_నర్సింహ
ఆ బ్యాలెట్ నేను చూసిన. మా అమ్మ గుర్తు ఎతుక్కోలేక సగం సేపు బూత్‌లనే ఉన్నది. బయట లైన్ల అందరు నవ్విన్రు.

పుణె_వలస
పాలమూరు నుంచి మేస్త్రీ పనికి పుణె పోయి అక్కడే ఉండిపోయిన కుటుంబం మాది. ఇక్కడ చెత్త ఏరుకునేవాళ్లు 1993లో యూనియన్ పెట్టుకున్నరు. 2008లో ఆ యూనియనే సహకార సంఘం పెట్టించి, కార్పొరేషన్‌తో ఒప్పందం రాసుకున్నది. మా అపార్టుమెంటులో చెత్త తీసుకునేది ఆ సంఘం ఆమెనే. ఇంటింటికి నెలకు ఇంత అని ఆమెకే ఇస్తం. యూనియన్, సంస్థ వేరువేరు అనుకుంటున్నరు మీరు. ఇక్కడ రెండూ ఒక్క ఇంట్లోనే పుట్టినయ్. ఒప్పందం గడువు అయినప్పుడల్లా మళ్లీ కొట్లాట తప్పదనుకోండి.

ట్రాక్టర్_డ్రైవరన్న
అక్కడోళ్లకు అది మంచిదే. కానీ మా జీవో 60 జీతం పోయి ఇంటింటికి చెయ్యి చాపుకునే కాడికి రావద్దు. మాకు పీఎఫ్, ఈఎస్ఐ కావాలె. సహకార సంఘం అంటే రేపు "మీ తిప్పలు మీరు పడండి" అంటరు.

మూసీఒడ్డు_సునీత
అన్నీ చదివాను, కొన్ని ప్రింటు తీసి మా వాళ్లకు చదివి వినిపించాను. మొన్న రాత్రి యూనియన్ వాళ్లు తొమ్మిది మంది, మేం ఎనిమిది మంది ట్యూషన్ గదిలోనే కూర్చున్నాం. మొదటి గంట బాగా లేదు. మా సభ్యుడొకాయన "మీరు సరిగ్గా పనిచేస్తే మమ్మల్ని పిలిచేవాళ్లా" అనేశాడు. ఒకామె లేచి అరచేతులు చూపించింది. బొటనవేలు కింద చర్మం పగిలి నల్లగా గీతలు. "గ్లౌజులు ఏడాదికి ఒక జత, సారూ" అంది. తర్వాత ఆయన మాట్లాడలేదు, మీటింగ్ అయ్యాక ఆమె చిరునామా అడిగి తీసుకున్నాడు.

చివరికి దత్తత కాగితం మీద మేం సంతకం పెట్టం అని తేలింది. చీపురు పట్టం. దానికి బదులు తడి చెత్త పొడి చెత్త వేరు చేయమని ఆ నాలుగు వార్డుల్లో ఇల్లిల్లూ తిరుగుతాం. అట్లా చేస్తే ఒక్కో బండికి గంట పని తగ్గుతుందని వాళ్లే చెప్పారు. వాళ్లు సమ్మెకు పోవాల్సి వస్తే మూడు రోజుల ముందు మాతో కలిసి గల్లీ గల్లీలో చెప్తారు, దవాఖాన చుట్టూ, బడుల చుట్టూ చెత్త ఎత్తడం ఆపరు. ఈ మాట దగ్గర వాళ్లలో వాళ్లకే గొడవైంది, కానీ ఒప్పుకున్నారు. నర్సింహగారూ, మీ నాయన సంగతి నేనే చదివి వినిపించాను.

రిటైర్డ్_బిల్లుకలెక్టరుగారూ, ఇల్లిల్లూ తిరిగేటప్పుడు పన్ను లెక్కలోకి రాని ఇళ్లు కూడా రాసుకోమన్నారు యూనియన్‌లో కొందరు. రాసుకోవాలా?

కోయిల్‌సాగర్_కాలువ
అస్సలు వద్దు. చెత్త గురించి చెప్తమని గడప తొక్కి, ఇంటి కొలతలు రాసుకుంటే రేపు ఒక్క ఇల్లు తలుపు తియ్యది. పేదోని ఇంటి మీద ఇంకో గది లేస్తే అది కొడుకు పెండ్లికి లేపింది. మీరు పోయి ఆఫీసుకు చెప్తరా?

రిటైర్డ్_బిల్లుకలెక్టరు
ఈసారి కాలువ చెప్పిందే నిజం. నా ఉద్యోగం పని మీరు చేయొద్దు. మెయిన్ రోడ్డు మీద మూడంతస్తుల షాపులు రికార్డులో ఇంకా పెంకుటిళ్లుగానే ఉంటాయి. వాటికి గడప తొక్కక్కర్లేదు, రోడ్డు మీద నిలబడితే కనిపిస్తాయి. అవి రాయండి, ప్రభుత్వ భవనాల బకాయి రాయండి. అంతవరకే.

పిల్లలమర్రి_నీడ
నేను ముందు రాసినదాంట్లో సగం వెనక్కి తీసుకుంటున్నా. ఉద్యోగం తీసేసి శ్రమదానం అడగడం తప్పే. మిగతా సగం మీద ఇప్పటికీ నిలబడతా. పౌరులు చీపురు అసలే పట్టొద్దు అంటే, చెత్త అనేది ఎవరో కొందరి పని అని మన పిల్లలకు నేర్పినట్టవుతుంది. మా ఇంటి ముందు నేనే ఊడుస్తా, ఊడుస్తూనే ఉంటా.

చీపురుకట్ట_కొడుకు
మీ ఇంటి ముందు మీరు ఊడ్చుకోండి అన్నా, అమ్మ సంతోషపడ్తది. ఆ రోజు హాజరు మాత్రం అమ్మకే పడాలె.

పిల్లలమర్రి_నీడ
పడాలి. అందులో మాట లేదు.

పాలమూరు_పద్మక్క
సునీతా, ఆఫీసులో ఎవరిని కలిశారు? కౌన్సిలర్లు లేరు కదా, 2025 జనవరిలో గడువు అయిపోయాక అంతా ప్రత్యేకాధికారి చేతిలోనే ఉంది. ఏది చెప్పినా కాగితం మీద తీసుకో. నోటి మాట నమ్మి నేను షెల్టర్ తీసుకున్నా.

మూసీఒడ్డు_సునీత
నిన్న ప్రత్యేకాధికారిని కలిశాం. మేం ముగ్గురం, యూనియన్ ముగ్గురు, ఒకే బల్లకు ఇటువైపు. మమ్మల్ని కలిసి రావడం చూసి ఆయన ముందు కొంచెం తడబడ్డారు. పెద్దాయన చెప్పినట్టే ఒకే కాగితం తీసుకెళ్లాం. ఒక దిక్కు 46 మందికి నెలకు 15,600 చొప్పున 7,17,600. యజమాని కట్టాల్సిన పీఎఫ్, ఈఎస్ఐ వాటా దాని మీద ఇంకా ఉంది. రెండో దిక్కు బకాయి భవనాల వివరాలు రాద్దామంటే మాకు ఇంకా ఇవ్వలేదు, అందుకని ఖాళీ గీతలు గీసి, "ఇవి మీరు నింపండి" అని రాశాం. ఆయన ఆ కాగితం చాలాసేపు చూశారు.

దసరా దాకా ఎవర్నీ తీయం అన్నారు. రెండు నెలల జీతం ఈ వారం వేస్తామన్నారు. దత్తత సంగతి ఇక ఎత్తం అన్నారు, కానీ రాసివ్వమంటే రాసివ్వలేదు. పద్మక్కా, అందుకే రసీదు తీసుకుని అర్జీ ఇచ్చి వచ్చాం, సమాచార హక్కు దరఖాస్తు కూడా అదే కౌంటర్లో వేశాం. దసరా తర్వాత ఏమవుతుందో మాకు తెలియదు. మా సంస్థలో ఇద్దరు, మనం గొడవల్లోకి దిగుతున్నామని రావడం మానేశారు. అది బాధగానే ఉంది. ట్యూషన్ ఆగలేదు.

డెట్రాయిట్_దేవరకొండ
ఆ ఖాళీ గీతల కాగితం ఫోటో ఇక్కడ పెట్టండి. మా ఊరి వాళ్లకు పంపుతా.

చీపురుకట్ట_కొడుకు
ఇయ్యాల పొద్దుగాల అమ్మ ఫోనుకు మెసేజ్ వచ్చింది. 27,222 పడ్డయ్, రెండు నెలలవి. నాతోని మూడు సార్లు చదివించుకున్నది. ముందుగాల కిరాణం ఆయనకు పోయి ఇచ్చొచ్చింది, మిగిలింది మిత్తిల పోయింది. పీఎఫ్ పాస్‌బుక్కు మాత్రం నిరుడు దసరా కాడనే ఉంది. యూఏఎన్, అంటే పీఎఫ్ ఖాతా నంబరు, రాసిన చీటీ అమ్మ బియ్యం డబ్బల దాచుకున్నది, పిండి అంటి సగం అంకెలు మాసినయ్, ఎండల పెట్టి చదివినం. మా గల్లీల ఇంకో పదహారు మందివి తీసిన. నెట్ సెంటరాయన కాపీకి రెండు రూపాయలన్నడు, సఫాయోళ్లవి అంటే రూపాయికే తీసిండు. శనివారం ట్యూషన్ కాడికి అన్నీ పట్టుకొస్త. ఎవరన్న స్టేప్లర్ తీసుకరండి.

మూసీఒడ్డు_సునీత
స్టేప్లర్ నా దగ్గర ఉంది. నువ్వు ఆరున్నరకు రా, పిల్లలు వెళ్లాక కూర్చుందాం.